ఒడ్డున పడ్డాక తెలిసిన లోతు

ఈ వారం ఒక సోదరి రాసిన ఉత్తరంతో ప్రారంభిస్తాను. పేరు ప్రకటించవద్దన్నారు కనుక ప్రకటించడం లేదు. ఉత్తరంలోని ముఖ్యభాగం ఇది:

"మా పక్కవాటాలో ఒక టీచరమ్మగారు వుంటున్నారు. క్రైస్తవులు. ఆవిడంత మంచి మనిషిని నేను చూడలేదు. మా అత్తగారు మంచాన పడితే నెలరోజులపాటు పొద్దున్నే కాఫీ కాచి తెచ్చి ఇచ్చారు. ఎవరిమీదా మాట తూలరు. అటువంటావిడ మొన్న మాటల సందర్భంలో, 'నేను పాపినమ్మా, దేవుని కృపవల్ల రక్షణ పొందాను' అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆవిడే పాపి అయితే ఇక మా సంగతేమిటి? ఈ మాట మావారితో చెబితే ఆయన నవ్వి, 'ఏముంది, వారమంతా పాపాలు చేయడం, ఆదివారం వెళ్ళి కడిగేసుకు రావడం. మంచి ఏర్పాటే!' అన్నారు. ఆ మాట కూడా నాకు రుచించలేదు. రక్షణ అంటే అసలు వాళ్ళ ఉద్దేశ్యమేమిటి? ఘోరపాపం చేసినవాడు కూడా నమ్మితే చాలునా? అలా అయితే వాడిచేత బాధలు పడ్డవాళ్ళ గతేమిటి?"

అమ్మా, మీ ప్రశ్నలన్నింటిలోనూ చివరిది గట్టి ప్రశ్న. క్రైస్తవులలో ఆలోచించేవాళ్ళను కూడా నిద్రపోనివ్వని ప్రశ్న అది. దానికి జవాబు చెప్పుకోవాలంటే ముందు రెండు మూడు మాటల అర్థం తేల్చుకోవాలి. ఆ తరువాత మీకొక మనిషి కథ చెబుతాను.

మన వాడుకలో పాపమంటే చేసిన పని. పుణ్యమూ అంతే. జమాఖర్చుల పుస్తకంలో లాగా రెండూ చెరోపక్కన పడుతూ వుంటాయి. క్రైస్తవులు పాపం అన్నప్పుడు పనుల మాటే కాక, ఆ పనులు పుట్టుకువచ్చే మనిషి స్థితిని గురించి కూడా చెబుతున్నారు. బైబిలులోని కొత్త నిబంధన మొదట గ్రీకుభాషలో రాయబడినది. అందులో పాపానికి వాడిన మాట 'హమార్తియా'. గురి తప్పడమని దాని మూలార్థం. విల్లే వంకర తిరిగితే బాణం ఎన్నిసార్లు వేసినా పక్కకే పోతుంది. వేసినవాడు ఎంత శ్రద్ధగా వేశాడన్నది తరువాతి మాట. వాళ్ళ దృష్టిలో మనిషి మనస్సు అలా వంకరపోయిన విల్లు. దేవుణ్ణి, తోటి మనిషిని ప్రేమించవలసినది తనచుట్టూ తానే తిరుగుతూ వుంటుంది.

కనుక టీచరమ్మగారు 'నేను పాపిని' అన్నప్పుడు తాను దొంగతనమేదో చేశానని చెప్పడం లేదు. మీకంటె తాను చెడ్డదాన్నని చెప్పడమూ లేదు. ఆవిడ తనను పోల్చి చూసుకుంటున్నది ఇరుగుపొరుగులతో కాదు, దేవునితో. దీపం దగ్గరకు వచ్చినకొద్దీ చీరమీది మరక కనబడుతుంది. చీకట్లో కూర్చున్నవారికి చీర శుభ్రంగానే వుంటుంది.

ఇక రెండో మాట. రక్షణ అన్నదానికి పక్కనే 'విమోచన' అనే మాట తెలుగు బైబిలులో కనబడుతుంది. 'విమోచన క్రయధనము' అని కూడా అంటారు. ఇది ఆ కాలపు సంతలో మాట. బానిసను గాని, యుద్ధంలో చిక్కిన బందీని గాని విడిపించడానికి చెల్లించే సొమ్ము అన్నమాట. మనిషి పాపానికి బానిస అయినాడు, బానిసకు తనదంటూ సొమ్ము లేదు కనుక తన్ను తాను కొనుక్కోలేడు, కనుక క్రీస్తు సిలువమీద తన ప్రాణాన్నే వెలగా పెట్టి విడిపించాడు, తిరిగి లేచాడు — ఇదీ వాళ్ళ విశ్వాసం. ఆ వెల ఎలా చెల్లింది, ఎవరికి చెల్లింది అన్నదానిమీద వాళ్ళ పండితులలోనే శతాబ్దాలుగా పలురకాల వ్యాఖ్యానాలున్నాయి. ఐతే, ఇది మనిషి సంపాదించుకొన్నది కాదు, ఇవ్వబడినది అన్నచోట మాత్రం అందరూ కలుస్తారు. ఆ ఇవ్వడానికే 'కృప' అని పేరు.

మూడోది 'మారుమనస్సు'. ఎంత చక్కని తెలుగు మాటో చూడండి. ఏడ్చి ముక్కు చీదుకోవడం మారుమనస్సు కాదు. వెళుతున్న దారినుంచి వెనక్కు తిరగడం, చూసే చూపు మారడం.

ఇదంతా మనకు బొత్తిగా కొత్త అనుకోనక్కరలేదు. మన వైష్ణవ పెద్దలు మర్కటకిశోర న్యాయమనీ, మార్జాలకిశోర న్యాయమనీ రెండు చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి. పిల్లి తన కూనను తానే నోట కరచుకుపోతుంది, కూన చేసేదేమీ లేదు. భగవంతుని దయ దొరకడంలో మనిషి పట్టు ఎంత, దేవుని పట్టు ఎంత అన్న తర్కమే అది. క్రైస్తవులలోనూ ఇటువంటి తర్కమే జరిగింది. 5వ శతాబ్ది ఆరంభంలో పెలాజియస్ అనే ఆయన, మనిషి తన ప్రయత్నంతో మంచిగా నడవగలడని చెబితే, అగస్టీన్ అనే మహాపండితుడు కృప లేనిదే కాలు కదపలేడని వాదించాడు. 1517లో మార్టిన్ లూథర్ లేవదీసిన తగవులో కూడా ఇదే మూలప్రశ్న అయి, చర్చి రెండుగా చీలిపోయింది. చివరకు 1999లో లూథరన్ల ప్రపంచ సమాఖ్యా, కాథలిక్ చర్చీ కలిసి ఒక ప్రకటనమీద సంతకాలు చేశాయి. మనిషి దేవునిచేత అంగీకరింపబడేది తన పుణ్యంవల్ల కాదు, కృపవల్లనే. ఐతే ఆ కృప మనిషిని మంచిపనులకు పురికొల్పుతుంది అని అందులో ఒప్పుకొన్నారు.

సరే, సిద్ధాంతం అయింది. ఇప్పుడు మీవారి నవ్వుకు సమాధానం చెప్పాలి. దానికోసమే ఈ కథ.

జాన్ న్యూటన్ అనే ఆయన 1725లో లండనులో పుట్టాడు. తండ్రి ఓడ కెప్టెన్. తల్లి భక్తురాలు. కొడుకు మతబోధకుడు కావాలని ఆవిడ కోరిక. పిల్లవాడికి ఏడో ఏడు నిండకుండానే ఆవిడ క్షయవ్యాధితో కన్నుమూసింది. 11వ ఏట తండ్రి తనతోపాటు ఓడ ఎక్కించాడు. తల్లి చెప్పిన నాలుగు మంచిమాటలూ సముద్రంలో కలిసిపోయినవి. నౌకాదళంలో బలవంతాన చేర్చితే పారిపోయాడు, పట్టుబడి కొరడాదెబ్బలు తిన్నాడు. అతని నోటివెంట వచ్చే దూషణలకు నావికులే చెవులు మూసుకొనేవారట. నావికులే చెవులు మూసుకొన్నారంటే ఇక మీరు ఊహించుకోవచ్చు.

తరువాత పడమటి ఆఫ్రికా తీరంలో బానిసల వ్యాపారం చేసే ఒక తెల్లవాడి దగ్గర పనికి కుదిరాడు. అక్కడ జబ్బుపడ్డాడు. ఆ ఇంట్లో అతనికి తిండి పెట్టేవారు లేరు, దాహమిచ్చేవారు లేరు. ఎంగిలి మెతుకులకోసం చేయిచాపే స్థితి వచ్చింది. ఆ రోజులలో జరిగిన ఒక సంగతిని తరువాత ఆయనే రాసుకొన్నాడు. అమ్మకానికి గొలుసులతో కట్టివేసి వున్న బానిసలు, తమకు పెట్టే పిడికెడు తిండిలోనుంచే కొంత తీసి, ఎవరూ చూడకుండా అతనికి తెచ్చిపెట్టేవారట. ఈ సంగతి గుర్తుంచుకోండి. దీనితో మళ్ళీ పని వుంది.

తండ్రి పురమాయింపుమీద ఒక ఓడవారు అతణ్ణి వెదికి ఎక్కించుకొన్నారు. ఆ ఓడ పేరు గ్రేహౌండ్. 1748 మార్చిలో, ఇంగ్లండుకు తిరిగివస్తుండగా, ఒకనాటి రాత్రి అట్లాంటిక్ సముద్రంలో పెద్ద తుపాను పట్టింది. ఓడ ఒకవైపు బద్దలై నీళ్ళు లోపలికి వచ్చినవి. న్యూటన్ పైకి ఎక్కబోతుంటే, కత్తి తీసుకురమ్మని కెప్టెన్ వెనక్కు పంపాడు. అతనికి బదులు పైకి వెళ్ళిన మనిషిని కెరటం తీసుకుపోయింది. తెల్లవారుజాము మూడుగంటలనుంచి మధ్యాహ్నందాకా నీరు తోడే పంపు దగ్గర, కెరటాలు ఈడ్చుకుపోకుండా తాడుతో కట్టుకొని, తోడుతూనే వున్నాడు. ఆ సందడిలో, ప్రభువు మనమీద దయచూపాలి అన్న అర్థం వచ్చే మాట ఒకటి అతని నోటివెంట వచ్చింది. అన్న తరువాత తానే తెల్లబోయాడు. దయ అడగడానికి నాకేం హక్కు వుంది, నావంటివాడిమీద దయ ఏముంటుంది అనుకొన్నాడు. ఓడలో వున్న సరుకు తేనెమైనం, రంగుకర్ర. తేలిక సరుకు కావడంవల్ల ఓడ మునగలేదు. నాలుగు వారాలపాటు అర్ధాకలితో కొట్టుకొని, చివరకు ఐర్లండు తీరం చేరింది. అప్పటికి అతనికి 22 ఏళ్ళు. ఆ రోజును తన రక్షణదినంగా జీవితాంతం స్మరించుకొన్నాడు.

కథ ఇక్కడ ఆగిపోతే మనకు అలవాటయిన భక్తికథ అవుతుంది. పాపి మారాడు, మంచివాడయ్యాడు, మంగళం. కాని ఆగలేదు.

దూషణలు మానాడు. ప్రార్థన మొదలుపెట్టాడు. బైబిలు చదివాడు. అలా చదువుతూనే మళ్ళీ బానిసల ఓడ ఎక్కాడు. 1750లో పెళ్ళి చేసుకొన్నాడు. అదే సంవత్సరం, 25 ఏళ్ళకే, కెప్టెన్ అయినాడు. మూడుసార్లు ఆఫ్రికానుంచి మనుషులను సంకెళ్ళు వేసి అమెరికాఖండపు దీవులకు తీసుకుపోయి అమ్మకానికి పెట్టాడు. ఆదివారంనాడు పైన బల్లమీద నావికులను కూర్చోబెట్టి ప్రార్థన జరిపించేవాడు. బల్ల కింద మనుషులు గొలుసులలో వుండేవారు. ఒకనాడు తనకు తిండి పెట్టిన చేతులవంటి చేతులే అవి! ఆ యాత్రల దినచర్య ఆయన చేతిరాత 1962లో పుస్తకంగా అచ్చయింది. తిరుగుబాటు చేయబోయిన బానిసల వేళ్ళను మరలలో బిగించిన సంగతి కూడా అందులో వుంది. ఆ వ్యాపారం తప్పన్న అనుమానమైనా ఆ రోజులలో తనకు కలగలేదని తరువాత ఆయనే చెప్పుకొన్నాడు. ఆ కాలంలో ఆ దేశంలో పెద్దమనుషులు పెట్టుబడి పెట్టే గౌరవమైన వ్యాపారమది. అందరూ చేసే పాపం ఎవరికీ పాపంగా కనబడదు కదా!

1754లో హఠాత్తుగా మూర్ఛ వచ్చి పడిపోయాడు. వైద్యుల సలహామీద సముద్రం మానుకొన్నాడు. అంటే ఆ వ్యాపారాన్ని వదిలింది కూడా పశ్చాత్తాపంతో కాదు, జబ్బువల్ల. లివర్‌పూలు రేవులో సుంకాల ఉద్యోగం చేస్తూ గ్రీకు, హీబ్రూ భాషలు నేర్చుకొన్నాడు. 1764లో మతగురువై ఓల్నీ అనే చిన్న ఊరికి వెళ్ళాడు. మన నరసాపురంలో లాగే అక్కడ ఇంటింటా లేసు అల్లేవారు. ఆ పేదవాళ్ళకోసం, కవి విలియం కౌపర్‌తో కలిసి భక్తిగీతాలు రాశాడు. వాటిలో ఒకటి 1773 నూతన సంవత్సరం రోజున చెప్పిన ప్రసంగంకోసం రాసినది. ఈనాడు ప్రపంచమంతా పాడుకొనే 'అమేజింగ్ గ్రేస్' అదే. అద్భుతమైన కృప అని ఆ పేరుకు అర్థం. ఇప్పుడు మనం వినే రాగం 1835లో అమెరికాలో దానికి జతపడినది.

ఆ పాట రాసేనాటికి ఆయన ఓడ దిగి 19 ఏళ్ళు అయినది. తాను అమ్మిన మనుషులను గురించి అప్పటికింకా బహిరంగంగా నోరు విప్పలేదు.

నోరు విప్పినది 1788లో. అప్పటికి ఆయన లండనులో పేరున్న మతగురువు. వయస్సు 62. అంతకు మూడేళ్ళ ముందు, విలియం విల్బర్‌ఫోర్స్ అనే యువ పార్లమెంటు సభ్యుడు రహస్యంగా ఆయన దగ్గరకు వచ్చాడు. భక్తి కలిగినది కనుక రాజకీయాలు మానేద్దామా అని సలహా అడిగాడు. మానవద్దు, అక్కడే వుండి దేవుని పని చేయమన్నాడు న్యూటన్. ఆ విల్బర్‌ఫోర్సే బానిసల వ్యాపారాన్ని రద్దుచేయాలని పోరాటం ప్రారంభించాడు. అప్పుడు న్యూటన్ ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. బానిసల ఓడలో ఏం జరుగుతుందో, మనుషులను ఎలా కుక్కుతారో, ఆడవాళ్ళ గతి ఏమవుతుందో కళ్ళకు కట్టినట్టు రాశాడు. ఎవరో చేశారని రాయలేదు. నేనూ చేశాను, ఈ ఒప్పుకోలు ఆలస్యంగా వస్తున్నది, తలచుకొంటే గుండె వణుకుతున్నది అని రాశాడు. పార్లమెంటు సభ్యులందరికీ ఆ పుస్తకం పంపించారు. 1790లో పార్లమెంటు విచారణసంఘం ముందు నిలబడి సాక్ష్యం కూడా చెప్పాడు. 1807 మార్చిలో బ్రిటను ఆ వ్యాపారాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. చూపు పోయిన 81 ఏళ్ళ వృద్ధుడు ఆ వార్త విన్నాడు. ఆ డిసెంబరులోనే చనిపోయాడు.

ఇప్పుడు లెక్క చూడండి. తుపాను 1748లో. ఒప్పుకోలు 1788లో. మధ్య 40 ఏళ్ళు!

మీవారు అనేదేమిటి? ముందు పాపం, తరువాత కడుక్కోవడం అని. న్యూటన్ కథలో వరుస తిరగబడినది. ముందు ఒడ్డున పడ్డాడు. తాను ఎంత లోతులో మునిగివుండెనో తరువాత, మెల్లగా, ఒక్కొక్క మెట్టుగా తెలిసింది. మొదట దూషణలు పాపమని తెలిసినది. మనుషులను అమ్మడం పాపమని తెలియడానికి సగం జీవితం పట్టింది. తుపాను తరువాత చాలాకాలందాకా తాను పూర్తి అర్థంలో విశ్వాసిని కానని ఆయనే రాసుకొన్నాడు. రక్షణ అనేది ఒక్క పూటలో రశీదు తీసుకొని వచ్చే వ్యవహారం కాదనీ, అది మనిషిని పట్టుకొని వదలకుండా జీవితమంతా తవ్వుతుందనీ క్రైస్తవులలో వివేకం కలవారు చెప్పేది ఇందుకే. కృప చవుకయితే న్యూటన్ ఆ పుస్తకం రాయనక్కరలేదు. వృద్ధాప్యంలో, పేరుప్రతిష్ఠలు వచ్చిన తరువాత, ఎవరూ అడగకపోయినా తన పరువు తానే తీసుకోనక్కరలేదు. క్షమ దొరికిందన్న నమ్మకం వున్నవాడే అంత నిజం చెప్పగలిగాడేమో ఆలోచించండి. శిక్షకు భయపడేవాడు సాకులు వెదుక్కొంటాడు.

ఇక మీ చివరి ప్రశ్న. బాధపడ్డవాళ్ళ గతేమిటి?

కొత్త నిబంధనలో జక్కయ్య అనే ఆయన కథ వున్నది. సుంకాలు వసూలుచేసే పెద్ద అధికారి, జనాన్ని పీడించి ధనవంతుడయినవాడు. పొట్టివాడు కావడంవల్ల, యేసును చూడడానికి మేడిచెట్టు ఎక్కాడు. యేసు అతణ్ణి పేరుపెట్టి పిలిచి, ఈ పూట నీ ఇంటనే బస అన్నాడు. ముందు సొమ్ము తిరిగి ఇచ్చిరా, అప్పుడు వస్తానని అనలేదు. ఐతే యేసు ఇంటికి వచ్చిన తరువాత జక్కయ్య ఊరుకోలేదు. లేచి నిలబడి, ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకొన్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తాననీ అన్నాడు. ఈ ఇంటికి ఇవాళ రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ మాట విన్న తరువాతనే. దేవుని దగ్గర క్షమ దొరికినంత మాత్రాన మనిషికి పడ్డ బాకీ కొట్టివేసినట్టు కాదని ఆ కథలోనే వుంది.

జక్కయ్యకు తిరిగి ఇవ్వడానికి మనుషులు ఎదురుగా వున్నారు. న్యూటన్‌కు లేరు. ఆయన అమ్మినవాళ్ళు ఎక్కడెక్కడి చెరకుతోటలలోనో కలిసిపోయారు. ఆ బాకీ తీరలేదు. తీరిందని ఆయన కూడా అనలేదు. ఇది దాచకుండా చెప్పుకోవాలి.

ఆ బాధపడ్డవాళ్ళ పక్షాన ఒక గొంతు కూడా వినిపించి ముగిస్తాను. ఒలాడా ఇక్వియానో అనే ఆఫ్రికా మనిషి చిన్నతనంలోనే బానిసగా అమ్ముడుపోయాడు. 1759లో లండనులో బాప్తిస్మం తీసుకొన్నాడు. అయినా బానిసగానే వున్నాడు. యజమానులు క్రైస్తవులు, బానిసా క్రైస్తవుడే! చిల్లర వ్యాపారం చేసి, పైసా పైసా కూడబెట్టి, 1766లో 40 పౌనులు చెల్లించి తన్ను తాను కొనుక్కొన్నాడు. విమోచన క్రయధనమంటే ఏమిటో ఆయనకు ఎవరూ వ్యాఖ్యానం చెప్పనక్కరలేదు. 1789లో, న్యూటన్ పుస్తకం వచ్చిన మరుసటి సంవత్సరం, తన జీవితకథ ప్రచురించాడు. మీరు చెప్పే ధర్మం మీరెందుకు పాటించరని తోటి క్రైస్తవులను నిలదీశాడు. అమ్మినవాడి ఒప్పుకోలు, అమ్ముడుపోయినవాడి నిలదీత రెండూ కలిసి జనం మనస్సును కదిలించాయి. బాధపడ్డవాడి మాట వినకుండా పాపి ఒక్కడే రక్షణ పొంది ఇంటికి వెళ్ళిపోతే, ఆ రక్షణమీద మీ అనుమానం న్యాయమైన అనుమానమే సోదరీ.

ఈ విశ్వాసాన్ని మీరు ఒప్పుకోవాలని గాని, కాదనాలని గాని నేను చెప్పడం లేదు. ఎవరి దారి వారిది. ఐతే ఆ దారిన వెళ్ళేవారు ఆ మాట ఎందుకు అంటున్నారో తెలిస్తే, పక్కవాటాలో వున్నవారిని చూసి ఆశ్చర్యమూ వుండదు, నవ్వూ రాదు. టీచరమ్మగారు 'నేను పాపిని' అన్నది చిన్నబుచ్చుకొని కాదు. ఒడ్డున నిలబడి లోతు చూసుకొంటున్న మనిషి మాట అది. మన చుట్టూ అందరూ చేస్తున్నారు కనుక మనకు పాపంగా కనబడనివి ఏమేమి వున్నవో, 40 ఏళ్ళ తరువాత మనల్ని చూసి ఎవరు నివ్వెరపోతారో, ఆ ప్రశ్న మాత్రం మతంతో నిమిత్తం లేకుండా అందరమూ వేసుకోవచ్చు. మన ఇంట్లో పనిమనిషికి విడిగా పెట్టే గ్లాసు దగ్గరనుంచే మొదలుపెట్టవచ్చు.

ఈసారి తీరిక దొరికినప్పుడు ఆవిడనే అడిగి చూడండి. కాఫీ మాత్రం ఈ పర్యాయం మీరు కాచి పట్టుకువెళ్ళండి.